ఉన్నిపట్టణమున జన్యుశాస్త్ర జననము

ఆస్ట్రియా సామ్రాజ్యమునందు మొరావియా ప్రాంతమునకు ముఖ్యపట్టణమై, నేడు చెక్ గణరాజ్యమున రెండవ మహానగరమై యొప్పుచున్న బ్రనోను పందొమ్మిదవ శతాబ్దిలో మొరావియా మాంచెస్టరని పిలుచుచుండిరి. స్విటావా, స్వ్రాట్కా నదులు సమీపించు ఆ చోట ఉన్ని వడకు యంత్రములును, బనాతు నేయు మిల్లులును, అద్దకపు కార్ఖానాలును వెలసి, అసంఖ్యాకములగు కుటుంబములకు కూడు పెట్టుచుండెను. జీవశాస్త్రమును బడిలో చదివిన తెలుగు విద్యార్థి ఈ పట్టణపు పేరు మఱచియుండవచ్చును గాని, ఇచటి మఠపు తోటలో మొలచిన బఠాణీమొక్కల కథను మఱచియుండడు. పొడుగుమొక్కలు మూడు, పొట్టిమొక్క ఒకటి అను ఆ లెక్క తరతరముల పాఠ్యపుస్తకములలో నిలిచిపోయినది. ఆ కథ చెప్పువారు సామాన్యముగా మెండెల్ అను ఒంటరి సన్న్యాసి, ఎవరి ప్రేరణయు లేకయే, తనకు తోచిన ప్రశ్నను తానే వేసికొని తానే సమాధానము కనుగొనెనని చెప్పుదురు. బ్రనో చరిత్రను పరిశీలించినచో విషయము వేఱుగా కనబడును. తల్లిదండ్రుల లక్షణములు సంతానమునకు ఎట్లు సంక్రమించునను ప్రశ్న, మెండెల్ పుట్టకమునుపే ఆ ప్రాంతపు గొఱ్ఱెల మందలలో పుట్టి, ఉన్ని పండించువారి సభలలో పెరిగి, ఒక మఠాధిపతి నోట స్పష్టరూపమును దాల్చినది.

మేలైన ఉన్నికి ఆ కాలమున పేరుగాంచినవి స్పెయిన్ దేశపు మెరీనో గొఱ్ఱెలు. వాని ఉన్నిపోగు సన్ననిది, దట్టముగా పెరుగునది, చిన్నచిన్న అలలుగా వంకీలు తిరిగినది. స్పెయిన్ ప్రభువులు ఆ జాతిని చిరకాలము దేశము దాటనీయక కాపాడుకొనిరి. పదునెనిమిదవ శతాబ్దిలో ఆ కట్టుబాటు సడలగా, మెరీనో మందలు ఐరోపాలోని పెక్కు దేశములకు చేరినవి. మొరావియా వారికి అప్పుడొక చిక్కు ఎదురయ్యెను. విలువిచ్చి తెచ్చిన పొట్టేళ్లు కొన్నియే. ఊళ్లలోని నాటుగొఱ్ఱెలో, లెక్కకు మిక్కిలి. ఆ కొలది పొట్టేళ్లతో ఇంత మందను బాగుచేయుట యెట్లు? ఒక తరమున మెఱుగుపడిన ఉన్ని మరుతరమున కొన్ని పిల్లలయందు మరల ముతకబారుటకు కారణమేమి? సంతలో ఉన్ని ధర దాని సన్నదనమును బట్టి నిర్ణయింపబడుచుండుటచే, ఈ ప్రశ్నలకు సమాధానము తెలియనివాడు ప్రతి యేటను నష్టము రూపమున దాని మూల్యమును చెల్లించుచునే యుండెను.

హోష్టిత్సె గ్రామమున ఫెర్డినాండ్ గైస్లెర్న్ అను ఆసామి, ఇంగ్లండున రాబర్ట్ బేక్‌వెల్ అవలంబించిన మార్గమును అనుసరించి, ఎంచిన పొట్టేలును దాని సంతతితోనే మరల జతకూర్చుచు, కోరిన గుణమును మందయందు స్థిరపఱుపజొచ్చెను. అతనికి మొరావియా బేక్‌వెల్ అను పేరు వచ్చెను. దగ్గఱి రక్తసంబంధము గల జంటలను కలుపుట ప్రకృతివిరుద్ధమనియు, మందను బలహీనపఱచుననియు కొందఱు, జాగ్రత్తతో ఎంచుకొన్నచో మేలే కలుగునని కొందఱు వాదులాడిరి. ఇట్టి వాదములకు ఒక వేదిక కావలసి, క్రిస్టియన్ కార్ల్ ఆంద్రే అను విద్యావంతుని పూనికతో 1814లో బ్రనోయందు గొఱ్ఱెల పెంపకందార్ల సంఘము ఏర్పడెను. హంగరీ దేశపు ప్రభువంశీయుడు ఇమ్రె ఫెస్టెటిచ్ 1819లో ఆ చర్చలకై వ్రాసిన వ్యాసమునందు, తాత అవ్వల లక్షణములు నడిమి తరమున కనబడక మనుమల తరమున మరల పొడచూపుటను గుర్తించి, దానికేదియో ప్రకృతినియమము కలదని ప్రతిపాదించెను. కాని అతడును అతని సహచరులును గొఱ్ఱెను సమగ్రముగా చూచిరే కాని, దాని గుణములను ఒక్కొక్కటిగా విడదీసి చూడలేదు, చూచినదానిని లెక్కపెట్టలేదు.

ఈ సభలకు వచ్చి కూర్చుండుచుండినవారిలో సిరిల్ నాప్ అను మఠాధిపతి యొకడు. ఆయన ఆధిపత్యమున నున్న సెయింట్ థామస్ అగస్టీనియన్ మఠము, చక్రవర్తి రెండవ జోసెఫ్ సంస్కరణల ఫలితముగా 1783లో నగరమధ్యమునుండి పాత బ్రనోకు తరలివచ్చి, ఎలిజబెత్ రాణి 1323లో సన్న్యాసినులకై కట్టించిన పురాతన మఠమున స్థిరపడినది. దానికి భూములుండెను, మందలుండెను. ఉన్ని ధర పడిపోయినచో మఠపు ఆదాయమును పడిపోవును. కావున 1824లో పీఠమెక్కిన నాప్‌నకు పశుపోషణయు, తోటల పెంపకమును అధికారధర్మములోని భాగములే యయ్యెను. 1837 ప్రాంతమున పెంపకందార్ల సభలో జతకూర్చు పద్ధతులను గూర్చి దీర్ఘముగా వాదము సాగుచుండగా ఆయన జోక్యము కలిగించుకొని, పద్ధతిని గూర్చిన చర్చ చాలుననియు, సంక్రమించునది ఏది, అది ఎట్లు సంక్రమించును అనునదే అసలు ప్రశ్నయనియు పలికెను. ఆ నాటికి మెండెల్ ఉన్నతపాఠశాలలో చదువుచున్న బాలుడు.

నాప్ ప్రశ్న వేసి యూరకుండలేదు. మఠమును విద్యాపీఠముగా మార్చెను. చేరినవారిలో తత్త్వవేత్తలు, గణితజ్ఞులు, సంగీతజ్ఞులు, వృక్షశాస్త్రజ్ఞులు నుండిరి. మఠపు తోటలో ఒక భాగమును మొక్కల ప్రయోగములకు కేటాయించెను. ఇట్టి లౌకికవిద్యలు సన్న్యాసులకు తగవని, 1850ల నడుమ బిషప్పు తనిఖీకి వచ్చి, మఠమునే మూసివేయవలెనని పైవారికి నివేదించెను. నాప్ తనవారి చదువును సమర్థించుకొని మఠమును నిలువబెట్టెను. ఆనాడు ఆయన తలవంచియున్నచో మెండెల్ తోట అక్కడితో ఆగిపోయెడిది.

యోహాన్ మెండెల్ 1822లో హైంజెన్‌డోర్ఫ్ గ్రామమున ఒక చిన్నరైతు ఇంట జన్మించెను. తండ్రి ఆంటోన్ తన పొలము దున్నుకొనుటతోపాటు, వారమునకు మూడు దినములు జమీందారునకు వెట్టి చేయవలసియుండెను. 1838లో అడవిలో మ్రాను మీదపడి ఆయన బలముగా గాయపడగా, ఇంటినుండి డబ్బు వచ్చుట నిలిచిపోయి, బాలుడు తోటివారికి పాఠములు చెప్పుకొని చదువవలసివచ్చెను. చెల్లెలు తెరేసియా తన కట్నములో కొంత భాగమును అన్న చదువునకు విడిచిపెట్టెను. పిమ్మట అతడు ఆమె కుమారులను చదివించి ఆ ఋణమును తీర్చుకొనెను. ఓలొమూత్స్‌లో భౌతికశాస్త్రము చెప్పిన ఉపాధ్యాయుని సిఫారసుతో 1843లో బ్రనో మఠమున చేరి గ్రెగర్ అను పేరు స్వీకరించెను. జీవనోపాధిని గూర్చిన చింత తొలగుటయే తన ప్రవేశమునకు కారణమని అతడు దాచక చెప్పుకొనినాడు. రోగుల మంచముల చెంత నిలిచి ప్రార్థన చేయించుట అతని సుకుమారహృదయమునకు దుర్భరమగుట చూచి, నాప్ ఆ పనినుండి తప్పించి ఉపాధ్యాయునిగా పంపెను. 1850లో ఉపాధ్యాయపరీక్షలో తప్పగా, 1851లో వియన్నా విశ్వవిద్యాలయమునకు మఠపు ఖర్చుతో పంపెను. అచట డాప్లర్ వద్ద భౌతికశాస్త్రమును, ఎటింగ్‌స్‌హాసెన్ వద్ద గణితమును, ఫ్రాంట్స్ ఉంగర్ వద్ద మొక్కల కణనిర్మాణమును అతడు నేర్చెను. వస్తువులను కొన్ని రీతులుగా పేర్చుటలో సంఖ్య లెట్లు కుదురునో గణితము చెప్పెను. మొక్క సర్వమును జీవకణములచే నిర్మితమనియు, కణమునుండియే కణము పుట్టుననియు వృక్షశాస్త్రము చెప్పెను. గొఱ్ఱెల కాపరులకు లేని ఆ రెండు సాధనములను చేతబట్టుకొని అతడు బ్రనోకు తిరిగివచ్చెను.

మఠభవనపు గోడ ప్రక్కన సుమారు 35 మీటర్ల పొడవు, 7 మీటర్ల వెడల్పు గల ఆ మడిలో 1856 మొదలు 1863 వరకు జరిగిన పనిని చూడవలెను. బఠాణీపువ్వు తనలో తానే ఫలదీకరణము చెందును. అడుగున దోనె ఆకారమున కలిసియున్న ఱేకులు పది కేసరములను, అండాశయమును గట్టిగా మూసియుంచును గాన, తేనెటీగలు పరపుప్పొడిని తెచ్చిపెట్టుట అరుదు. ఈ గుణమే మెండెలుకు కావలసినది. మొగ్గ ఇంకను విచ్చకమునుపే ఆ ఱేకులను చీల్చి, సన్నని చిమటాతో పదికేసరములను ఒకదాని తరువాత ఒకటి పెఱికివేసి, వెంటనే వేఱొక మొక్కనుండి తెచ్చిన పుప్పొడిని కీలాగ్రమున అద్దవలెను. ఒక్క కేసరము ముందుగా పగిలినను ఆ పువ్వు పనికిరాదు. పందిరిపుల్లలకు దారములు కట్టి తీగెలను నిలబెట్టుట, పుచ్చుపురుగు పడిన కాయలను ఏఱివేయుట, గింజలను ఒలిచి రకము వారీగా సంచులకెక్కించుట, మరుసటి వసంతమున మరల విత్తుట - ఇది ఎనిమిదేండ్లు సాగిన సేద్యము. తొలుత 34 రకముల విత్తనములు తెప్పించి, అవి మారక ఒకే రీతిగా పండునో లేదో రెండేండ్లు పరీక్షించి, 22 రకములను నిలుపుకొనెను. వానినుండి స్పష్టముగా వేఱుచేయదగిన ఏడు లక్షణముల జంటలను ఎంచుకొనెను. మొత్తము మీద ఆయన పరిశీలించిన మొక్కలు సుమారు 28,000.

గుండ్రని గింజల రకమును ముడుతగింజల రకముతో సంకరము చేయగా, తొలి తరమున పుట్టిన గింజలన్నియు గుండ్రనివే. ముడుత మాయమయ్యెను. ఆ గింజలను నాటి, 253 మొక్కలనుండి 7,324 గింజలను ఒలిచి చూడగా, 5,474 గుండ్రనివి, 1,850 ముడుతవి. పసుపు, ఆకుపచ్చ రంగుల విషయమున 6,022 పసుపుపచ్చనివి, 2,001 ఆకుపచ్చనివి. రెండు చోట్లను మూడింటికి ఒకటి. ఫెస్టెటిచ్ తన మందలో చూచి ఆశ్చర్యపడిన తాతల పోలిక ఇచట అంకెలుగా మారినది. మెండెల్ అంతటితో తృప్తినొందక, గుండ్రని గింజలనుండి 565 మొక్కలు పెంచి వాని సంతానమును పరిశీలించెను. 193 మొక్కలు గుండ్రని గింజలనే కాచినవి; 372 మొక్కలు రెండు రకములను కాచినవి. చూపునకు ఒక్కటిగా కనబడు గుండ్రని గింజలలో ఒక వంతు శుద్ధములు, రెండు వంతులు ముడుతను లోన దాచుకొన్నవి అని దీనివలన తేలెను. మగకణమునుండి ఒకటి, ఆడకణమునుండి ఒకటిగా వచ్చిన రెండు అంశములు సంతానమున కలిసి నివసించునే గాని కలిసిపోవు. బీజకణములు ఏర్పడు వేళ మరల విడిపోయి, ఏది ఎవరికి చేరవలెనను పక్షపాతము లేకుండ చెఱియొక కణమునకు చేరును. పాలు నీళ్లవలె తల్లిదండ్రుల రక్తము కలిసిపోవునను అనాదివిశ్వాసమునకు ఇది పూర్తిగా విరుద్ధము. నాప్ అడిగిన ప్రశ్నలోని రెండు భాగములకును, సంక్రమించునది ఏది, ఎట్లు సంక్రమించును అనువానికి, ఇదియే సమాధానము.

1865 ఫిబ్రవరి 8వ తేదీనను, మార్చి 8వ తేదీనను బ్రనో ప్రకృతిశాస్త్ర సంఘపు సమావేశములలో మెండెల్ తన ఫలితములను చదివెను. సుమారు 40 మంది వినిరి. స్థానికపత్రికలు వార్త వేసినవి. మరుసటి సంవత్సరము సంఘపు సంచికలో వ్యాసము అచ్చై, ఐరోపాలోని నూఱుకు పైగా గ్రంథాలయములకు చేరెను. అటుపై నిశ్శబ్దము. వృక్షశాస్త్రమున బీజగణితము నాటి పాఠకులకు అలవాటు లేనిది. ఉన్ని విషయమున తొందరపడిన పెంపకందార్లకును, దూరదేశములనుండి చౌకగా వచ్చిపడు ఉన్ని పోటీవలన, మందలపై పూర్వపు శ్రద్ధ తగ్గిపోయియుండెను. ప్రశ్నను పెంచిన చేతులు సమాధానము వచ్చువేళకు వేఱుపనులలో నుండెను. మ్యూనిక్ పండితుడు నేగెలితో మెండెల్ 1866 మొదలు 1873 వరకు ఉత్తరములు నడపెను. నేగెలి పరిశోధించుచున్న హైరేషియం అను మొక్కపై మెండెల్ కూడ సంకరములు చేయగా, ఆ మొక్క ఫలదీకరణము లేకయే విత్తనము పెట్టు స్వభావము గలదగుటచే, బఠాణీలెక్క అందు కుదరలేదు. ఆ రహస్యము నాటికి ఎవ్వరికిని తెలియదు.

నాప్ 1867లో మరణింపగా, 1868లో మెండెల్ మఠాధిపతి యయ్యెను. పాలనాభారము తోటనుండి ఆయనను దూరము చేసెను. మఠములపై 1874లో ప్రభుత్వము విధించిన పన్ను అన్యాయమని నమ్మి, చివరివఱకు చెల్లింపక పోరాడెను. తేనెటీగలను పెంచెను, వాతావరణమును ప్రతిదినము నమోదు చేసెను, 1870 అక్టోబరులో పట్టణముపై విరుచుకొనిపడిన సుడిగాలిని వివరముగా వర్ణించెను. 1884 జనవరి 6న మూత్రపిండముల వ్యాధితో ఆయన మరణించినపుడు, ఆ మఠపు గాయకబృందముననే బాల్యమున పెరిగిన సంగీతకర్త యానాచెక్ అంత్యక్రియల సంగీతమును నిర్వహించెను. ఊరు ఒక మంచి మఠాధిపతిని పోగొట్టుకొంటిమని దుఃఖించినదే గాని, పోయినది ఎవరో ఎఱుగదు.

1900లో డీ వ్రీస్, కొరెన్స్, చెర్మాక్ అను మువ్వురు వృక్షశాస్త్రజ్ఞులు వేర్వేఱు దేశములలో ఇట్టి ఫలితములనే పొంది, పాతసంచికలు తిరుగవేయగా మెండెల్ పేరు బయటపడెను. ఈలోపుగా సూక్ష్మదర్శినిక్రింద కణవిభజనను ఫ్లెమింగ్ అను శాస్త్రజ్ఞుడు వర్ణించియుండెను. 1902-03లో కాన్సస్ రైతుబిడ్డయైన సటన్ మిడుతల కణములను, బొవెరీ సముద్రపు జీవులను పరిశీలించి, మెండెల్ ఊహించిన అంశములు జంటలుగా చేరి విడిపోవు క్రోమోసోములలోనే యున్నవని సూచించిరి. మఠపు తోటలోని ముడుతగింజకు కూడ 1990లో ఇంగ్లండులోని నారిచ్ శాస్త్రజ్ఞులు కారణము కనుగొనిరి. పిండిపదార్థమును శాఖలుగా అల్లు ఎంజైమును నిర్మించు జన్యువులో సుమారు 800 అక్షరముల డి.ఎన్.ఎ. ముక్క చొరబడి, ఆ ఎంజైము పనిచేయకుండ చేసినది. పిండి తఱిగి చక్కెర పెరుగుటచే గింజ నీటిని అధికముగా పీల్చి ఉబ్బును. ఎండినపుడు ఆ నీరు పోయి తోలు ముడుతలు పడును. మెండెల్ కంటితో చూచి లెక్కించిన ముడుత వెనుక ఇంత రసాయనము దాగియుండెను.

ఈ లెక్క మన తెలుగిండ్లకును సంబంధించినదే. 1957లో భారతదేశమునకు వచ్చి స్థిరపడిన జన్యుశాస్త్రజ్ఞుడు జె. బి. ఎస్. హాల్డేన్ వద్ద పరిశోధన చేసిన కృష్ణ ద్రోణంరాజు, 1960 ప్రాంతమున మీరాఖాన్‌తో కలసి ఆంధ్రదేశపు మేనరికములను, మేనమామ వివాహములను లెక్కించి ప్రకటించెను. మేనమామ మేనకోడళ్లకు జన్యువులలో సగటున నాలుగవ వంతును, మేనత్త మేనమామల బిడ్డలకు ఎనిమిదవ వంతును ఉమ్మడిగా నుండును. పూర్వులనుండి వచ్చిన ఒక దోషము భార్యాభర్తలిరువురియందును బయటపడక దాగియున్నచో, పుట్టు ప్రతి బిడ్డకును ఆ వ్యాధి వచ్చు అవకాశము నాలుగింట ఒకటి. 7,324 గింజలలో 1,850 ముడుతవి కావడమునకును దీనికిని మూలసూత్రమొక్కటే. సంబంధము కలుపుకొను పెద్దలు కట్నకానుకలతోపాటు దీనిని కూడ ఆలోచించుట మేలు.

1910లో ప్రపంచపు నలుమూలలనుండి వచ్చిన విరాళములతో మఠమునెదుట చౌకులో మెండెల్ పాలరాతివిగ్రహమును ప్రతిష్ఠించిరి. ఆ విగ్రహమునకును గండములు తప్పలేదు. సోవియట్ దేశమున జన్యుశాస్త్రమును తిరస్కరించిన లైసెంకో మాట వేదమై, 1948లో జన్యుశాస్త్రమే నిషిద్ధము కాగా, ఆ నీడ అప్పటికి బ్రనో చేరియున్న చెకొస్లొవేకియాపై కూడ పడినది. 1950లో ప్రభుత్వము మఠమును మూసివేసెను. విగ్రహమును చౌకునుండి లోపలికి తరలించిరి. మెండెలును గూర్చి మాటాడుట ఉద్యోగములకు ముప్పయ్యెను. 1965లో, వ్యాసపఠనమునకు నూఱేండ్లు నిండినపుడు, అనేక దేశముల పండితులు బ్రనోలో కూడి ఆయనను స్మరించుటతో ఆ చీకటి తొలగెను. నేడు ఆ ఆవరణమున మ్యూజియము కలదు. పాత గాజుగృహపు పునాదులును చూపుదురు.

ఈ చరిత్రను చదివిన పిదప మెండెల్ ప్రతిభ నాకు తగ్గినట్లు తోచలేదు. ఆ ప్రతిభకు ఆధారమైనవారి పేర్లు మాత్రము ప్రక్కన నిలిచినవి. గొఱ్ఱెల నమ్ముకొని బ్రదికినవారు ప్రశ్నను సజీవముగా నుంచిరి. చెల్లెలు కట్నమును విడిచిపెట్టెను. నాప్ నేలను, కాలమును, రక్షణను ఇచ్చి, ఫలితము రేపటికే చూపుమని ఒక్కనాడును నిర్బంధింపలేదు. మన వ్యవసాయక్షేత్రములలో, కళాశాలలలో ఇట్టి ప్రశ్నలను మనసున పెట్టుకొని తిరుగు యువకులు, యువతులు ఎందఱో కలరు. ధాన్యమును, పశువును, మానవదేహమును గూర్చి వారు అడుగు ప్రశ్నలు ఒకటి రెండు సంవత్సరముల నివేదికలలో తీరునవి కావు. అధికారమున నున్న పెద్దలు వారికి ఒక చిన్న మడిచెక్కను, ఎనిమిదేండ్ల వ్యవధిని, పైవారి తనిఖీ వచ్చినపుడు అడ్డునిలుచు ధైర్యమును ఈయగలిగినచో, శాస్త్రమునకు అంతకు మించిన సేవ వేఱొకటి లేదు.